మొదటి గూటం

నాచారం, మల్లాపూర్, ఉప్పల్ చుట్టుపక్కల పెళ్ళి కుదిరిందంటే ముందు పంతులుకు కబురు పోయేది, ఆ వెనకాలే కొమురెల్లికి పోయేది. కొమురెల్లికి తీరికున్న రోజేదో కనుక్కుని, ఆ రోజుకే ముహూర్తం చూడమని పంతులు వెంటపడ్డ ఇళ్ళు కూడా ఉన్నాయి. మనిషి ఏమంత గొప్పవాడు కాదు. నాచారంలో ఒక మూల టెంట్ హౌస్ నడిపేవాడు; షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కిరాయికి ఇచ్చేవాడు. కాని చెయ్యి మంచిదని పేరు పడిపోయింది. ఆయన వేసిన పందిరి కింద కొట్లాట పుట్టదనీ, వాన వచ్చినా తాళి కట్టాకే వస్తుందనీ, వండింది తక్కువ పడదనీ ఆడవాళ్ళు చెప్పుకునేవారు. నిజమో కాదో ఎవరూ వెతికి చూడలేదు. మంచిపేరు సంగతి ఎవరు వెతుకుతారు? చెడ్డపేరు వచ్చినప్పుడే కదా జనానికి ఎక్కడలేని తీరికా దొరికేది.

కొమురెల్లిది జనగామ దిక్కు ఒక ఊరు. పడుచుతనంలో నాచారం ఫ్యాక్టరీల్లో పనికి వచ్చాడు. భార్య వెంకటనర్సమ్మను తెచ్చుకున్నాడు. ఆమె వెంట, తల్లీతండ్రీ లేని ఆమె తమ్ముడు బిక్షపతి వచ్చాడు. ఫ్యాక్టరీ గేటుకు తాళం పడ్డ ఏడు, పని పోయినవాళ్ళంతా గేటు ముందు ఎండలో కూర్చుంటే, వాళ్ళకు నీడ కావాలని కొమురెల్లి ఎక్కడినుంచో ఒక పాత షామియానా తెచ్చి కట్టాడు. గేటు తాళం తెరుచుకోనే లేదు. జనం తలో దిక్కు వెళ్ళిపోయారు. షామియానా మాత్రం ఆయన దగ్గర మిగిలింది. టెంట్ హౌస్ అట్లా మొదలైంది.

ఆ పనిలో ఆయనకొక పట్టింపు ఉండేది. షామియానా తాళ్ళను బిగించి కట్టడానికి నేలలో దిగగొట్టే ఇనుప మేకును వాళ్ళు గూటమంటారు. మొదటి గూటం కొమురెల్లే కొట్టాలి. దానికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, ఊదుబత్తి వెలిగించి, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని అప్పుడు సమ్మెట ఎత్తేవాడు. తతిమ్మా గూటాలు ఎవరు కొట్టినా, ఎవరు పీకినా ఆయనకు పట్టదు. మొదటిదాన్ని మాత్రం కొట్టిన చెయ్యే పీకాలి, అదీ శుభకార్యం పూర్తయ్యాకే పీకాలి. తాటాకు పందిళ్ళు వేసిన తండ్రి దగ్గర నేర్చుకున్న పట్టింపు అది. ఒకసారి కాప్రాలో ఒక పెళ్ళి పందిరి విప్పుతుంటే, బిక్షపతి తొందరపడి మొదటి గూటం మీద చెయ్యి వేశాడు. కొమురెల్లి చేతిలో ఉన్న గంటె విసిరి కొట్టాడు. బామ్మర్ది కనుబొమ్మ చిట్లింది. దవాఖానాలో కుట్లు వేయించి, ఇంటికి తెచ్చి, తనే అన్నం కలిపి పెట్టాడు. కోపమూ ప్రేమా రెండూ ఒకే చేత్తో చేసే మనిషి. ఆ తర్వాత బిక్షపతి ఆ గూటం దరిదాపులకు పోలేదు. చుట్టూ ఉన్నవన్నీ పీకేసి, కుర్చీలు ఆటోలో ఎక్కించి, పసుపు గూటం దగ్గర కాపలా కూర్చునేవాడు, బావ వచ్చేదాకా.

బిక్షపతి నెమ్మదైన మనిషి. మాట తక్కువ, మతిమరుపు అసలే లేదు. ఏ ఇంటికి ఎన్ని బకెట్లు పోయాయో, ఏ షామియానాకు ఎక్కడ చిరుగు ఉందో నోటిమీద ఉండేది. "మా బిచ్చపతికి జెప్పితె గోడ మీద రాసినట్టే" అనేవాడు కొమురెల్లి. ఆ మాట గుర్తు పెట్టుకోవాలి.

రెండువేల ఏడు ఎండాకాలం. ఉప్పల్ దాటి పోచారం పోయే తోవలో రాళ్ళకూ ముళ్ళకంపకూ కూడా ధర పలుకుతున్న రోజులు. ఒక రియల్ ఎస్టేట్ సేటు అక్కడ కొత్త వెంచర్ తెరుస్తూ, అందరిలా పులిహోర పొట్లాలు పంచితే ఏం బాగుంటుందని, చిన్న హెలికాప్టర్ ఒకటి కిరాయికి తెప్పించాడు. ముందు గుడి కోసం వదిలిన జాగా మీద పూలు చల్లుతుందట, తర్వాత ప్లాటు కొన్నవాళ్ళను ఎక్కించుకుని వాళ్ళ ప్లాటును ఆకాశం నుంచి చూపిస్తుందట. నేల మీద నిలబడితే హద్దురాళ్ళు కూడా కనపడని ప్లాట్లను పైనుంచి చూసి ఏం చేసుకుంటారో సేటుకే తెలియాలి. టెంట్ల పని కొమురెల్లికి వచ్చింది.

హెలికాప్టర్ ముందురోజు సాయంత్రమే వచ్చి దిగింది. చక్రాలు లేవు, కింద రెండు పొడుగాటి ఇనుప పట్టాలున్నాయి, వాటి మీదే కూర్చుంది. నడిపేవాడు తేజేష్ అని గోదావరి జిల్లా కుర్రాడు, నవ్వుముఖం. దిగిన కాసేపటికే తూర్పున మబ్బు కమ్మి గాలిదుమారం లేచింది. షామియానాలు తెరచాపల్లా ఉబ్బుతున్నాయి. తేజేష్ పరుగున వచ్చాడు.

"దీన్ని కట్టే బెల్టులు మా ఇంజనీరు బండిలో ఉండిపోయాయండీ. ఆయన రేపుగాని రాడు. మీ దగ్గర గట్టి తాళ్ళేమైనా ఉన్నాయా?"

"తాళ్ళకేం సార్, మస్తుగున్నయి. యాడ గట్టాల్నో జెప్పు."

తేజేష్ పట్టాల మీద నాలుగు చోట్లు చూపించాడు. కొమురెల్లి అంత గాలిలోనూ తన పట్టింపు వదల్లేదు. మొదటి గూటానికి పసుపు పూశాడు, బొట్టు పెట్టాడు, ఊదుబత్తి వెలగకపోతే ఆరిపోయినదాన్నే గుచ్చాడు. తర్వాత సమ్మెట. నాలుగు గూటాలు, నాలుగు తాళ్ళు. ఆ సాయంత్రం గాలికి వెంచర్ స్వాగత తోరణం విరిగి రోడ్డున పడింది, రేకుల గది కప్పు లేచిపోయింది. హెలికాప్టర్ కదల్లేదు. గాలి తగ్గాక తేజేష్ వచ్చి కొమురెల్లి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ చెయ్యి చాలా మంచిదండీ" అన్నాడు.

నాచారం ఆడవాళ్ళ మాట ఆ కుర్రాడికెట్లా తెలిసిందా అని కొమురెల్లి మురిసిపోయాడు.

తెల్లవారి శుక్రవారం. కాప్రాలో పెళ్ళి ఉంది, అక్కడ మొదటి గూటం ఆయన కొట్టాలి. హెలికాప్టర్ లేచేది పదకొండింటికన్నారు. కొమురెల్లి బామ్మర్దిని పిలిచి చెప్పాడు.

"మూడు తాళ్ళు ఇప్పు. నాది నేనొచ్చి ఇప్పుత. పదకొండింటికల్ల ఈడుంట."

"సరె బావ" అన్నాడు బిక్షపతి.

మూడూ విప్పాడు. గూటాలు పీకి మట్టి తుడిచి గోతంలో వేశాడు. నాలుగోదాని దగ్గర ఎప్పటిలాగే కాపలా కూర్చున్నాడు. ఈలోగా సేటు ఇంటి ఆడవాళ్ళు పూజ సామాను పట్టుకుని వచ్చారు. పసుపూ కుంకుమా ఉన్న గూటం కనపడింది. పూజాస్థలం అదే అనుకున్నారు. దాని ముందు కొబ్బరికాయ కొట్టారు, బంతిపూలు కుప్ప పోశారు, తాడు పొడుగునా దండ చుట్టి పట్టా దాకా తీసుకుపోయారు. గూటం ఎవరూ పీకడం లేదు గనక బిక్షపతి అడ్డు చెప్పలేదు. తాడు పూలలో మునిగిపోయింది.

అప్పుడెవరికో గుర్తొచ్చింది, శుక్రవారం పదిన్నరకే రాహుకాలం వస్తుందని. సేటు గడియారం చూసుకున్నాడు. రాహుకాలంలో వెంచర్ తెరిస్తే ప్లాటు ఎవడు కొంటాడు? వెంటనే లేపమన్నాడు. మేనేజర్ పవన్‌కుమార్ పరుగులు పెట్టి జనాన్ని వెనక్కి తోయించడం మొదలుపెట్టాడు. బిక్షపతి అతనికి అడ్డం పోయాడు.

"సార్, మా బావ రావాలె. అది ఆయన గూటం. ఆయనొచ్చి ఇప్పుతడు."

"వస్తాడులేవయ్యా, నువ్వు ముందు పక్కకు జరుగు" అని పవన్‌కుమార్ అతన్ని రెక్క పట్టుకుని జనంలోకి నెట్టేశాడు.

తేజేష్ హెలికాప్టర్ చుట్టూ తిరిగి చూసుకున్నాడు. చూడలేదని తర్వాత అన్నారు గాని, చూశాడు. బిక్షపతి కళ్ళారా చూశాడు. మూడు చోట్లా వంగి చూసి, నాలుగో చోట పూలకుప్పా కొబ్బరిచిప్పలూ కనపడితే చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు. దేవుడి దగ్గర తాడు వెతకాలని ఎవరికి తోస్తుంది? ముందు ఒక్కణ్ణే లేచి చూసుకుంటానని చెప్పి ఎక్కాడు. రెక్క తిరగడం మొదలైంది. బిక్షపతి జనంలోంచి గేటు వైపే చూస్తున్నాడు. అతనికి తెలిసిన లోకంలో, రావలసిన మనిషి రానిదే ఏ పనీ మొదలు కాదు. వాళ్ళూ ఆగుతారనుకున్నాడు.

కొమురెల్లి మోపెడ్ మీద గేటు దగ్గరికి వచ్చేసరికి దుమ్ము లేస్తోంది. బండి అక్కడే పడేసి పరుగెత్తాడు. "తాడుంది, తాడుంది" అని అరిచాడు. ఆ చప్పుడులో ఆయన అరుపు ఆయనకే వినపడలేదు. హెలికాప్టర్ ఒక పక్క లేచింది, రెండో పక్క లేవలేదు. తాడు తెగలేదు, గూటం ఊడలేదు, ముడి జారలేదు. కొమురెల్లి కట్టిన ముడి ఏనాడు జారింది గనక? హెలికాప్టర్ ఆ తాడు వైపే ఒరిగి, రెక్క నేలకు కొట్టుకుని, తిరగబడింది. బంతిపూలు జనం నెత్తిన పడ్డాయి.

తేజేష్ అక్కడే చనిపోయాడు.

పోలీసులు సాయంత్రానికల్లా బిక్షపతిని తీసుకుపోయారు. తాళ్ళు విప్పే పని ఎవరిదంటే అందరూ అతన్నే చూపించారు. పవన్‌కుమార్‌ను అడిగితే తనకెవరూ ఏమీ చెప్పలేదన్నాడు. కొమురెల్లి ఠాణాకు పోయి, గూటం తనదనీ, పట్టమంటే తనను పట్టమనీ మొత్తుకున్నాడు. "నువ్వు ఆ టైముకు కాప్రాల ఉన్నవ్ గద, నిన్నేం జెయ్యాలె" అని ఎస్సై ఆయన్ను బయటికి పంపాడు. వెంకటనర్సమ్మ మొగుడితో మాట్లాడలేదు. చెప్పుల్లేకుండా ఠాణా మెట్ల మీద కూర్చుంది.

ప్రమాదం ఎట్లా జరిగిందో తేల్చడానికి ఢిల్లీ నుంచి అధికారులు వచ్చారు. నేల కొలిచారు, ఫోటోలు తీశారు, విరిగిన రెక్క ముక్కలకు చీటీలు అంటించారు. తాడును ముడితో సహా కోసుకున్నారు. పసుపు రాసిన గూటాన్ని పీకి ప్లాస్టిక్ సంచిలో వేశారు. ఎవరో చేతితొడుగులు వేసుకున్న మనిషి తన మొదటి గూటాన్ని పీకుతుంటే కొమురెల్లి కంచె అవతల నిలబడి చూశాడు. గంటె విసరడానికి చెయ్యి లేవలేదు.

వాళ్ళలో గోపాలరావు అని ఒక పెద్దాయన ఉన్నాడు. తెనాలి వైపు మనిషి, మర్యాదస్తుడు. కొమురెల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి అడిగాడు.

"మూడు తాళ్ళు విప్పిన మనిషి నాలుగోది ఎందుకు విప్పలేదండీ?"

"అది మొదటి గూటం సార్. నేను గొట్టిన. నేనే పీకాలె. ఇంకెవ్వరు ముట్టద్దు."

"అంటే, మరిచిపోయాడు."

"మరువలే సార్. వాడు మరిచేటోడు గాదు. ఇడిసిపెట్టిండు. నేను జెప్పిన గన్క ఇడిసిపెట్టిండు."

"ఏదైనా ఒకటే కదా కొమురెల్లిగారూ. తాడు ఉండిపోయింది."

"ఒకటి గాదు సార్" అన్నాడు కొమురెల్లి. ఎందుకు ఒకటి కాదో చెప్పడానికి చాలాసేపు ప్రయత్నించాడు. తండ్రి సంగతి చెప్పాడు, తాటాకు పందిళ్ళ సంగతి చెప్పాడు, బామ్మర్ది కనుబొమ్మ మీద మచ్చ సంగతి చెప్పాడు. గోపాలరావు ఓపిగ్గా విన్నాడు. వింటూ వింటూ మధ్యలో కలం మూసేశాడు. అది కొమురెల్లి గమనించాడు.

కేసు కోర్టుకెక్కింది. వాయిదా మీద వాయిదా. బిక్షపతి బెయిలు మీద ఇంటికొచ్చాడు గాని, వచ్చిన మనిషి వచ్చినట్టు లేడు. సేటే ఒక వకీలును పెట్టించాడు. సేటుకు అంత దయ ఎందుకు పుట్టిందో వకీలు మాటలు వింటేగాని తెలియలేదు.

"నువ్వు మేనేజర్‌కు చెప్పినవ్, ఆయన ఇనలే అంటవ్. సాక్ష్యమేది? పూజలంటవ్, గూటమంటవ్, జడ్జి నవ్వుతడు. తప్పయింది సార్, మరిచిపోయిన అని ఒప్పుకో. జుర్మానా కట్టి ఇంటికి పోతవ్. లేకుంటె ఏండ్లకేండ్లు తిరుగుతవ్, ఆఖరుకు జైలే."

బిక్షపతి ఒప్పుకోలేదు. "నేను మరువలే బావ. గట్లెట్ల జెప్త?" అన్నాడు.

కోర్టు బయట చాయ్ బండి దగ్గర కొమురెల్లి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఇంట్లో వెంకటనర్సమ్మ అన్నం మానేసి నీరసించిపోయింది. జైలనే మాట వినపడితే లేచి బయటికి పోయేది. కొమురెల్లి ఎంతో ఆలోచించే అన్నాడు ఆ మాట.

"ఒక్కసారి అను బిచ్చపతి. ఒక్క మాట. అని ఇంటికొచ్చెయ్. నువ్వు మరువలేదని నాకెర్క, మీ అక్కకెర్క. ఇంకెవలకెర్కుంటె ఏంది, లేకుంటె ఏంది?"

బావ మాట ఏనాడూ కాదనలేదు బిక్షపతి. ఈసారీ కాదనలేదు. వకీలు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అనిపించాడు. ఒకసారితో వదల్లేదు, తడబడకూడదని పదిసార్లు అనిపించాడు. జడ్జి ముందు నిలబడి బిక్షపతి స్పష్టంగా చెప్పాడు.

"మరిచిపోయిన సార్. నాదే తప్పు."

జుర్మానాతో పోయింది. వెంకటనర్సమ్మ ఆ రోజు పాయసం వండింది. బిక్షపతి తిన్నాడు.

కొమురెల్లికి ఇంకా ఒక ఆశ ఉండేది. కోర్టు సంగతి వేరు, ఢిల్లీవాళ్ళ రిపోర్టు వేరు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలనుకున్నాడు. మరవలేదు, చెప్పాడు, వాళ్ళే నెట్టేశారు, తప్పంతా మొదటి గూటం పట్టింపు పెట్టుకున్న ముసలాడిది అని రాస్తే చాలు. ఆ కాగితం పట్టుకొచ్చి బామ్మర్ది ముందు పెట్టి చదివించవచ్చు. ఆఖరి విచారణకు గోపాలరావు మళ్ళీ హైదరాబాద్ వచ్చాడని తెలిసి, అడ్రస్ పట్టుకుని పోయాడు.

గోపాలరావు గుర్తుపట్టాడు. ఈసారీ కుర్చీ వేశాడు.

"మీరు చెప్పింది నేను నమ్మానండీ" అన్నాడు. "నిజం చెప్పాలంటే రాద్దామనే అనుకున్నాను. కాని కోర్టులో ఆయనే ఒప్పుకున్నాడుగా, మరిచిపోయానని. ఆయన నోటిమాటే అది. దాన్ని కాదని నేనెట్లా రాసేది?"

"నేనే అనమన్న సార్" అన్నాడు కొమురెల్లి.

"అయ్యో" అన్నాడు గోపాలరావు.

రిపోర్టు వచ్చింది. పేపర్లో లోపలి పేజీలో చిన్న ముక్కగా పడింది. కింద పనిచేసే మనిషి ఒక తాడు విప్పడం మరిచిపోయాడనీ, పైలట్ బయలుదేరేముందు సరిగ్గా చూసుకోలేదనీ, ఇకముందు జాగ్రత్తలు తీసుకోవాలనీ. సేటు పేరు లేదు, రాహుకాలం లేదు, పూలు లేవు. దండం పెట్టుకున్న కుర్రాడు చూసుకోనివాడయ్యాడు, కాపలా కూర్చున్న మనిషి మరిచిపోయినవాడయ్యాడు. ఒకడు చనిపోయి జవాబు చెప్పలేడు, ఒకడు బతికుండీ చెప్పలేడు. ఆ పేపరు ముక్క కొమురెల్లి దాచాలనుకున్నాడు గాని, అప్పటికే ఎవరో బిక్షపతికి చదివి వినిపించారు.

అప్పట్నుంచి మొదలైంది. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా పోయి, వేశానో లేదో అని బిక్షపతి తిరిగొచ్చేవాడు. గ్యాస్ బంద్ చేసి మళ్ళీ చూసేవాడు, మళ్ళీ చూసేవాడు. "నువ్వు మరిచేటోనివి గాదుర" అంటే, "కాదు బావ, నాకు మతిమరుపున్నది. పేపర్ల గూడ ఏసిన్రు" అనేవాడు. మొదట్లో కొమురెల్లి వాదించేవాడు, ఆ రోజు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు: మేనేజర్‌కు చెప్పావు, నెట్టేశాడు, గేటు వైపు చూశావు. బిక్షపతి బుద్ధిగా వినేవాడు. "ఏమో బావ, నాకు యాదికి లేదు" అనేవాడు చివరికి. గోడ మీద రాసినట్టుండే మనిషి. ఎవరో సున్నం వేసేశారు ఆ గోడకు. ఆ సున్నం తెచ్చి ఇచ్చింది తనేనని కొమురెల్లికి తెలుసు.

బిక్షపతి భార్య రాజ్యం కొంతకాలం ఓర్చుకుంది. గుళ్ళకు తిప్పింది, దవాఖానాలో చూపించింది, మందులు మింగించింది. మందులతో నిద్రపోయేవాడు, లేచి తాళం చూసుకునేవాడు. ఆమె పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. ఆమెను తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాలేదు.

ముహూర్తాలకు కొమురెల్లిని పిలవడం జనం మానేశారు. చెయ్యి మంచిదన్నవాళ్ళే ఆ చెయ్యి వేస్తే ఏమవుతుందో అనుకున్నారు. కుర్చీలు తీసుకునేవారు, గూటం మాత్రం వేరేవాళ్ళతో కొట్టించుకునేవారు. తెలంగాణ కోసం ఉప్పల్ చౌరస్తాలో నిరాహారదీక్షలు మొదలయ్యాక టెంట్లకు మళ్ళీ గిరాకీ వచ్చింది. అక్కడా ఇదే తంటా. నాయకులు ఇంకా ఉపన్యాసంలో ఉండగానే బిక్షపతి పోయి తాళ్ళు విప్పబోయేవాడు. "అన్నా, రాష్ట్రం రానీ, జరాగు" అని పిల్లలు నవ్వుతూ అతన్ని పక్కకు తెచ్చేవారు. కొమురెల్లికి నవ్వొచ్చేది కాదు. ఆఖరికి పనికి రావద్దన్నాడు. బిక్షపతి టెంట్ హౌస్ ముందు స్టూలు మీద కూర్చుని, ఒక తాడుముక్కకు ముడి వేసి విప్పుతూ, వేసి విప్పుతూ ఉండేవాడు.

పద్మశ్రీ పెళ్ళి కుదిరింది రెండువేల పదమూడులో. కొమురెల్లి ఒక్కగానొక్క కూతురు. పెళ్ళికొడుకు మల్కాజిగిరి పిల్లవాడు, మంచి కుటుంబం. నాచారంలో ఇంటి ముందే పందిరి. మొదటి గూటం ఎవరు కొట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొమురెల్లి అప్పటికే అనుకుని ఉన్నాడు.

"బిచ్చపతి కొడ్తడు" అన్నాడు. "మ్యానమామ. వాని కంటె ఎవలున్నరు?"

వెంకటనర్సమ్మ ఏడ్చింది. ఎన్నో ఏళ్ళకు మొగుడివైపు మెత్తగా చూసింది. కొమురెల్లి ఆశ ఏమిటంటే, ఇన్నేళ్ళూ ముట్టవద్దన్న గూటాన్ని తన చేత్తో అతనికిస్తే, కొట్టిన చెయ్యే పీకితే, ఎక్కడో ఒకచోట ఆ ముడి విడిపోతుందని. అట్లా విడిపోయేవి కావు ఇలాంటివి. కాని మనిషన్నాక ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేడు.

బిక్షపతి తలస్నానం చేసి కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. పసుపు పూశాడు, బొట్టు పెట్టాడు, ఊదుబత్తి గుచ్చాడు. సమ్మెట ఎత్తి ఒక్క దెబ్బ కూడా పక్కకు పోకుండా కొట్టాడు. లేచి నిలబడినప్పుడు అతని ముఖంలో పాత బిక్షపతి కనిపించాడు.

"దీన్ని నేనే పీకాలె గద బావ?"

"నువ్వే పీకాలె. ఇంకెవ్వరు ముట్టరు."

"మరువనియ్యకు బావ."

"మరువవురా."

పెళ్ళి పొద్దున ఎన్నిసార్లు అడిగాడో. బియ్యం కడుగుతున్నచోటికి వచ్చి అడిగాడు, పెళ్ళివారికి ఎదురుపోతుంటే వెంట వచ్చి అడిగాడు. "పెండ్లయినంకరా, పెండ్లయినంక" అని చెప్పి చెప్పి, కొమురెల్లి అల్లుడి కాళ్ళు కడగడానికి పీటల మీద కూర్చున్నాడు. కన్యాదానం అయింది. జీలకర్ర బెల్లం పెట్టారు, బాజాలు గట్టిగా మోగాయి, జనం లేచి నిలబడి అక్షింతలు వేశారు. తర్వాత పంతులు తాళిబొట్టు పళ్ళెం పెద్దవాళ్ళందరికీ తాకించుకు రమ్మని పంపించాడు.

అప్పుడు షామియానా ఒక మూల ఊగింది. గుడ్డ జారి ఆడవాళ్ళ తలల మీదికి వచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. "గూటం పీకిండు, తాళి గట్టకముందె పీకిండు" అని ఒక ముసలమ్మ గుండె బాదుకుంది. పెళ్ళికొడుకు తల్లి పళ్ళెం వెనక్కి తీసుకుంది.

జనం మధ్యలోంచి బిక్షపతి వచ్చాడు. రెండు చేతుల్లో పసుపు గూటం, మట్టి తుడిచి శుభ్రంగా పట్టుకున్నాడు. బాజాలు మోగాయి, అందరూ లేచారు, అక్షింతలు పడ్డాయి, అయిపోయిందనుకున్నాడు. ఆలస్యం చేస్తే మరిచిపోతానని భయపడి పరుగున పోయి పీకాడు. ముఖం నిండా నవ్వు. కనుబొమ్మ మీది మచ్చ కూడా ఆ నవ్వులో ముడుచుకుంది.

"బావా, ఈసారి మరువలే" అన్నాడు.

ఎవరో అతని మీదికి చెయ్యెత్తారు. కొమురెల్లి పీటల మీంచి లేచి, ఆ చెయ్యి పట్టుకుని పక్కకు నెట్టాడు. గూటం అందుకున్నాడు.

"అవురా, మరువలే" అన్నాడు. "మంచిగ జేసినవ్. పోయి కూసో."

బిక్షపతి పోయి తన స్టూలు మీద కూర్చున్నాడు. గూటం మళ్ళీ కొట్టడానికి సమ్మెట ఎవరికీ వెంటనే కనపడలేదు. ముహూర్తం దాటిపోతోందని పంతులు తొందరపెడుతున్నాడు. కొమురెల్లి పోయి, వేలాడుతున్న తాడును రెండు చేతులకూ చుట్టుకుని, మడమలు నేలకు తన్నిపెట్టి లాగి నిలబడ్డాడు. మూల పైకి లేచింది. పందిరి నిలిచింది. కానియ్యమని అక్కడినుంచే తలాడించాడు. తాడు బరువుకు ఆయన మొహం రోడ్డు వైపుంది, మండపం వీపు వెనక ఉంది. కూతురికి తాళి కట్టడం ఆయన చూడలేదు. బాజా మోగినప్పుడు తెలిసింది.